ఒకే తల్లి రక్తం

ఒగ్బొమోషో,
20 జనవరి 1989

మా ఇంటి కోడలు ఇబిదున్‌కి,

కోడలు అని అలవాటు కొద్దీ రాశాను. నువ్వు ఇచ్చే జవాబును బట్టి ఆ మాట ఉంటుందో ఊడుతుందో తేలుతుంది.

నువ్వు పిల్లని ఎత్తుకుని ఇబాదాన్ వెళ్లిపోయి పద్దెనిమిది రోజులైంది. బజారులో పెండలం పిండి కొలుస్తూ ఎంతమందికి అబద్ధాలు చెప్పను? "వాళ్ల పిన్నికి బాగాలేదట, చూడ్డానికెళ్లింది" అన్నాను. ఎదురు కొట్టు ఆవిడ నవ్వి, "పిన్నిని చూడ్డానికి గిన్నెలూ చెంబులూ కూడా పట్టుకెళ్తారా మాలోమో?" అంది. నా నోరు మూతపడింది. ఈ బజారులో నా నోరు మూయించిన మనిషి ఇంతవరకు లేదు.

నా చదువు ఆరో తరగతితో ఆగింది, నువ్వు బడిపంతులమ్మవి. అయినా రెండక్షరాలు కూడుకోవడం నాకూ వచ్చు. మీ పెళ్లికి ముందు పాస్టరు గారు చర్చిలో నల్లబల్ల మీద రాసి చూపించారు, మర్చిపోయావేమో. ప్రతి మనిషి రక్తంలోనూ రెండక్షరాలు ఉంటాయి. ఒకటి తల్లి ఇస్తుంది, ఒకటి తండ్రి ఇస్తాడు. ఏ అంటే మంచిది, ఎస్ అంటే జబ్బుది. ఒక్క ఎస్ ఉన్నవాళ్లకి ఏ బాధా లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ఎస్‌లు కలిసిన బిడ్డకే నరకం. అందుకే ఇద్దరి రక్తపరీక్ష కార్డులూ చూడనిదే పెళ్లి చేయనన్నారు. నీ కార్డు ఏఎస్. మా తమ్ముడు కొసోకోది ఏఏ. "ఇక భయం లేదు, నిశ్చింతగా చేసుకోండి" అన్నారు.

ఇప్పుడు ఇబాదాన్ ఆసుపత్రి వాళ్లు నాలుగేళ్ల అదున్నికి ఎస్ఎస్ అని రాసిచ్చారు. అందులో ఒక ఎస్ నీది, ఒప్పుకున్నాం. రెండోది ఎవరిది?

ఆ కాగితం చూసిన రోజు నుంచి మా తమ్ముడు లారీ దిగడం లేదు. కానో పోతాడు, ఉల్లిపాయలు వేసుకొస్తాడు, దించిందే తడవు మళ్లీ పోతాడు. ముద్ద పెట్టి "ఏరా, ఏమంటావు?" అంటే "అక్కా, నువ్వే చూసుకో" అంటాడు. అందుకని నేనే చూసుకుంటున్నాను.

ఆ మనిషి పేరు రాసి పంపు. రాయకపోతే మా గడప తొక్కొద్దు, ఆ పిల్లకి మా వాడి పేరు తగిలించొద్దు. మా అమ్మ పెళ్లిలో నీకు వేసిన పగడాల దండ కూడా పంపించు. అది ఈ ఇంటి పిల్ల మెడలోకి వెళ్లాల్సిన వస్తువు.

మాలోమో


ఇబాదాన్,
3 ఫిబ్రవరి 1989

గౌరవనీయులైన మాలోమో వదిన గారికి,

మీ ఉత్తరం లారీ స్టాండు గుమాస్తా తెచ్చిచ్చాడు. కవరు అంటించి లేదు. అంటే ఒగ్బొమోషో నుంచి ఇక్కడికి వచ్చేలోపు కనీసం ముగ్గురు డ్రైవర్లు చదివి ఉంటారు. మీ ఉద్దేశం అదే అయితే నెరవేరింది.

మీరు అడిగిన పేరు రాస్తున్నాను: కొసోకో. ఆసుపత్రి ఫైల్లో తండ్రి పేరు దగ్గర అదే రాయించాను. ఇంకో ఏడాది తరువాత అడిగినా అదే రాస్తాను. నా దగ్గర వేరే పేరు లేదు.

మీరు కూడిక సరిగ్గానే చేశారు. నేను బడిలో పిల్లలకి చెప్పే మాట ఒకటుంది. కూడిక సరిగ్గా చేసినా జవాబు తప్పొస్తే, నల్లబల్ల మీద నుంచి ఎక్కించుకున్న అంకెలు చూసుకోండి అంటాను. ఇక్కడ అదే జరిగింది. మీ తమ్ముడి కార్డు తప్పు. ఆయన్ని తీసుకెళ్లి మళ్లీ రక్తం ఇప్పించండి. నేను అడిగేది ఇదొక్కటే. తిండి అడగలేదు, బట్ట అడగలేదు.

ఇక్కడి ల్యాబులో ఒక ముసలాయన ఉన్నాడు. అదున్ని రక్తపు చుక్కని గాజుపలక మీద పూసి నన్ను పిలిచాడు. "రామ్మా, చూడు. తెలియకుండా భయపడే కన్నా చూసి భయపడ్డం నయం" అన్నాడు. కన్ను ఆనించి చూశాను. గుండ్రంగా ఉండాల్సిన కణాల మధ్య సన్నగా వంగిపోయినవి ఉన్నాయి. రెండు కొనలూ మొనదేలి గడ్డి కోసే కొడవళ్లలా ఉన్నాయి. "ఇవి సన్న నరాల్లో అడ్డం పడతాయి. ఒకటి ఆగితే దాని వెనక వచ్చేవన్నీ ఆగుతాయి. ఎక్కడ ఆగితే అక్కడ నొప్పి" అన్నాడు. మా ఆయన లారీ డ్రైవరని చెప్పాను. "అయితే ఆయనకి బాగా తెలుసుండాలి. వంతెన మీద లారీ అడ్డం తిరిగితే ఎలా ఉంటుందో చెప్పమను" అన్నాడు. ఆయన నాకేమీ చెప్పడం లేదని నేను చెప్పలేదు.

నొప్పి వచ్చినప్పుడు పిల్ల మందు అడగదు. "నాన్నని కాళ్లు పట్టమను" అంటుంది. నేను పడితే కాదంటుంది, నా చేతులు చిన్నవట.

పగడాల దండ ఈ ఇంటి పిల్ల మెడలోకి వెళ్లాలన్నారు. అదున్ని మెడలోనే ఉంది.

ఇట్లు,
ఇబిదున్


ఒగ్బొమోషో,
19 ఫిబ్రవరి 1989

ఇబిదున్‌కి,

గౌరవనీయులైన అని మొదలుపెట్టి నా మొహాన ఉమ్మావు. చదువుకున్నవాళ్ల ఉమ్ము కూడా సబ్బు వాసనే వస్తుంది కాబోలు. కవరు సంగతి అంటావా, జిగురు ఎండిపోయింది. నీ పరువు తీయాలంటే నాకు కవర్లు ఎందుకు, నోరుంది.

నువ్వు పేరు దాచుకున్నావు. దాచుకో. మా వాడికి వేరే సంబంధం చూశాను. నా స్నేహితురాలి కూతురు సెగిలోలా. బట్టలు కుడుతుంది, నెమ్మదస్తురాలు, పెద్దవాళ్లకి అంకెలు నేర్పదు. చర్చిలో రెండోసారి చేయరు కాబట్టి ఇంటి దగ్గరే పెద్దల ముందు చేస్తాం. ఈసారి ముందే కార్డు అడిగాను. ఆ పిల్లదీ ఏఎస్సే. మా వాడిది ఏఏ కాబట్టి ఇబ్బంది లేదు, పుట్టే పిల్లలు హాయిగా ఉంటారు. కానీ సెగిలోలా తండ్రి పోస్టాఫీసులో పనిచేసిన మనిషి, ముద్ర కనబడితే గానీ నమ్మడు. "అల్లుడి కార్డు కళ్లతో చూస్తే గానీ సంబంధం ఖాయం చేసే కోలా కాయ పగలగొట్టను" అని కూర్చున్నాడు. ఆ కార్డు మీ పెళ్లి కాగితాలతో పాటు నీ పెట్టెలో ఉంది. ఏఏ, గ్రూపు ఓ అని రాసి ఉంటుంది. వెంటనే పంపు.

మళ్లీ రక్తం ఇప్పించమంటావా? వాడికి సూదంటే చచ్చే భయం. పైగా కార్డు తప్పు అని ఏ మొహం పెట్టుకుని అంటున్నావు? ఆ కార్డు ఎలా వచ్చిందో నీకు తెలుసా? ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు, చేసింది చెప్పుకోవడం నాకు అలవాటు లేదు కనుక. ఇప్పుడు చెప్తాను, విను.

అప్పటికి శుభలేఖలు పంచేశాం. చుట్టాలందరిచేతా ఒకే రంగు బట్ట కొనిపించాం, కుట్టుడు కూడా అయిపోయింది. పాస్టరు గారు ఆదివారం లోపల కార్డు రాకపోతే చర్చిలో పెళ్లి ప్రకటనకి మీ పేర్లు చదవనన్నారు. మా వాడేమో మైదుగురి దారిలో లారీ ఇరుసు విరిగి ఇసుకలో కూర్చున్నాడు. మీ పెళ్లి ఆగిపోయేది. ఎవరు ఆపారు ఆగకుండా? నేను. పరగడుపున నడుచుకుంటూ బజారు వెనక క్లినిక్‌కి వెళ్లాను. "ఎవరికి పరీక్ష?" అంది బల్ల దగ్గర పిల్ల. "కొసోకో" అన్నాను. మన పేర్లలో ఆడా మగా లేదు కదా, తలెత్తకుండా రాసుకుంది. నా చెయ్యి చాపాను. రెండుసార్లు నరం తప్పింది, మూడోసారి దొరికింది. చెయ్యి వాచిపోయి మూడు రోజులు రోకలి పట్టలేకపోయాను. నీ పెళ్లి పెండలం పక్కింటివాళ్లు దంచారు, నేను పక్కన కూర్చుని చూశాను.

మా అయ్యకి నలుగురు పెళ్లాలు, పధ్నాలుగు మంది పిల్లలు. అంతమందిలో ఒకే అమ్మ కడుపున పుట్టి మిగిలింది మేమిద్దరమే. తండ్రి ఒకడైనవాళ్లు బంధువులు, తల్లి ఒకటైనవాళ్లే తోడబుట్టినవాళ్లు. ఒకే కడుపు, ఒకే పాలు. వాడి ఒంట్లో పారేదే నా ఒంట్లోనూ పారుతుంది, నేనిచ్చినా వాడిచ్చినా ఒకటే. ఏ మచ్చా లేకుండా ఏఏ అని వచ్చింది. ఏ ఆడపడుచు ఏ కోడలి కోసం ఇంత చేస్తుందో చెప్పు. అటువంటి కార్డుని తప్పంటావు.

పంపు.

మాలోమో


ఇబాదాన్,
27 ఫిబ్రవరి 1989

మాలోమోకి,

వదినా, మీరూ, గారూ అన్నీ ఈ ఉత్తరంతో అయిపోయాయి.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. నాలుగోసారి మా పిన్నికి చదివి వినిపించాను. పులుసు కలుపుతున్నదల్లా ఆగి, "ఆ చెయ్యి చాపిన చోట మళ్లీ చదువు" అంది. చదివాను. గరిటె కింద పెట్టి, "అయితే ఆ కార్డు నీ మొగుడిది కాదు కదే" అంది. మా పిన్ని బడి మొహం చూడని మనిషి. ఆవిడకి ఒక్కసారి వింటే తెలిసింది.

నీ ముక్కు చప్పిడి, కొసోకో ముక్కు నిటారు. నువ్వు నా భుజం దాకా వస్తావు, అతను మీ ఇంటి గుమ్మంలో వంగి నడుస్తాడు. అదే కడుపు, అవే పాలు, మరి ఇవెందుకు వేరయ్యాయి? తల్లి దగ్గర రెండక్షరాలుంటే బిడ్డకి ఒకటే వెళుతుంది. ఏది వెళుతుందో ఆవిడ చేతిలో లేదు. ఒక కాన్పులో మంచిది వెళుతుంది, ఇంకో కాన్పులో జబ్బుది వెళుతుంది. నీకు రెండు వైపుల నుంచీ మంచివే వచ్చాయి, నీ అదృష్టం. నీ తమ్ముడికి ఏం వచ్చాయో ఈ భూమ్మీద ఎవరూ చూడలేదు. నువ్వు చూడనివ్వలేదు.

అటువంటి కార్డుని పట్టుకుని నన్ను రంకుటాలివన్నావు. ఆ మాట నువ్వు కాగితం మీద రాయలేదు, లారీ స్టాండులో అన్నావు. నాకు చేరింది.

ఇంకొకటి అడుగుతాను. నీ పేరు మాలోమో, ఇక పోకు అని. నీకంటే ముందు ఎవరు పోతే నీకు ఆ పేరు పెట్టారు? వాడి పేరు కొసోకో, గొయ్యి తవ్వడానికి పార లేదు అని. అప్పటికి ఆ పార ఎన్నిసార్లు ఎత్తారు? మీ ఇంట్లో వాళ్లని అబికు పిల్లలని చెప్పుకుంటారు, ఒకే బిడ్డ పదేపదే పుట్టి తల్లిని ఏడిపించి పోతూ ఉంటుందని. నేను మీ ఇంటికి వచ్చిన మొదటి వారంలో మీ అమ్మే నాకు చెప్పింది. అప్పుడు నాకేమీ తోచలేదు, నాది కూడా బుద్ధితక్కువే. ఇప్పుడు ఆ ల్యాబులో చూసినవి కళ్ల ముందు ఆడుతున్నాయి. మీ ఇద్దరి పేర్లలోనే జబ్బు ఉంది, వేరే కార్డు ఎందుకు?

కార్డు పంపను. చెయ్యి చాపానని రాసిన నీ ఉత్తరమూ తిరిగి ఇవ్వను. కొసోకోని ఆసుపత్రికి తీసుకెళ్లు. తరువాత అదున్ని నీ తమ్ముడి కూతురని నీ చేతిరాతతో రాసి సంతకం పెట్టి పంపు. నన్ను అన్న మాట నలుగురిలో అన్నావు, ఇది కాగితం మీదైనా రాయి.

ఇబిదున్


ఒగ్బొమోషో,
6 మార్చి 1989

ఇబిదున్,

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. మీ పిన్ని పులుసుతో పాటు పెంపకం కూడా బాగానే వండింది.

మా చచ్చిపోయిన పిల్లల్ని నోట్లో వేసుకుని నములుతున్నావు. వాళ్లకి నీ నోరు తగలనివ్వకు. మా అమ్మ వాళ్ల మాట ముప్పై ఏళ్లుగా ఎత్తలేదు. నీకు చెప్పిందంటే నిన్ను కూతురనుకుని చెప్పింది, నాకు తెలియదు ఆ సంగతి. నువ్వు దాన్ని మూటగట్టుకుని తీసుకెళ్లి ఇవాళ నా మీదికి విసురుతున్నావు.

నేను ఆ ఉత్తరం రాయలేదు. ఎవరైనా అడిగితే నువ్వే రాసుకున్నావని చెప్తాను. బడిపంతులమ్మవి, పిల్లల చేతిరాతలు దిద్ది దిద్ది పది రకాలుగా రాయడం నీకు చేతనవును. నన్ను నమ్ముతారా, మొగుణ్ణి వదిలేసిపోయినదాన్ని నమ్ముతారా? కార్డు పంపకపోతే ఇంకోటి తెప్పిస్తాను. నిశ్చితార్థం ఏప్రిల్ ఎనిమిది, శనివారం. సెగిలోలా వాళ్లు అప్పుడే బట్టలు కుట్టుకుంటున్నారు.

నా ఉత్తరాలు కాల్చెయ్యి.

పిల్ల ఎలా ఉందని నేను అడగడం లేదు. అడిగానని ఎవరికీ చెప్పకు.

మాలోమో


ఇబాదాన్,
14 మార్చి 1989

మాలోమోకి,

అడగలేదు కాబట్టి చెప్పను.

ఇంకో కార్డు తెప్పిస్తానన్నావు. మళ్లీ నీ చెయ్యే చాపుతావా? ఈసారి ఎడమదా, కుడిదా? మూడుసార్లు పొడిచిన నరం ఇంకా పనిచేస్తోందా?

నీకు భయం తీరేలా ఒక మాట చెప్తున్నాను. నేను పాస్టరు గారి దగ్గరికి వెళ్లను. సెగిలోలా తండ్రికి రాయను. రాస్తే వదిలేసిన పెళ్లాం ఏడుపుగొట్టుతనం అంటారు, నువ్వే ముందు అంటావు. అసలు ఊరుకుంటేనే నాకు సుఖం. నువ్వు నీ కార్డు తెప్పించుకుంటావు. కోలా కాయ పగులుతుంది. ఏడాదికి సెగిలోలాకి బిడ్డ పుడుతుంది. పదో నెలలోనో ఏడాదికో ఆ బిడ్డ చేతివేళ్లు వాస్తాయి. మా ఇంట్లో కాదు, మీ ఇంట్లో, నీ కళ్లెదుట. అప్పుడు నువ్వు గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని ఆ నెమ్మదస్తురాలిని అడుగుతావు, "రెండోది ఎవరిది?" అని. ఆ పూట నీ మొహం చూడాలని నాకు ఉంది. నిజంగానే ఉంది, అబద్ధం చెప్పను.

అయితే నేను ఆ ఏడుపు విన్నదాన్ని. అదున్ని వేళ్లు మొదటిసారి వాచినప్పుడు దానికి పది నెలలు. తేలు కుట్టిందేమోనని పరుపు దులిపాను. దోమ అనుకున్నాను. నీ చేతికిస్తే నువ్వు షియా వెన్న రాసి, "పళ్లొస్తున్నాయిలే" అన్నావు. మనిద్దరం అది ఏడుస్తుంటే పక్కనే కూర్చుని అన్నం తిన్నాం. ఆ సంగతి తలుచుకుంటే నీ మీద ఎంత కోపమో నా మీద అంత కోపం వస్తుంది. పుట్టబోయే ఆ బిడ్డ నీకేం చేసింది, నాకేం చేసింది?

నీకు సూది అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు. లేచి వంటింట్లోకి వెళ్లి మీ అమ్మని ఒక్క మాట అడుగు. పోయిన పిల్లల చేతివేళ్లు వాచేవా అని అడుగు. వాచలేదంటే నీ ఇష్టం వచ్చినట్టు పెళ్లి చెయ్యి. నేను ఇక రాయను.

ఇబిదున్


ఒగ్బొమోషో,
2 ఏప్రిల్ 1989

ఇబిదున్‌కి,

నీ ఉత్తరం పది రోజులు పిండి బస్తా కింద పడేసి ఉంచాను. ఎవరికీ చూపించలేదు. పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అమ్మ వంటింట్లో నానబెట్టిన అలసందల పొట్టు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ చేయి వేశాను. కాసేపయ్యాక అడిగాను.

"అమ్మా, పోయినవాళ్లకి చేతివేళ్లు వాచేవా?"

ఆవిడ చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. "నీకెవరు చెప్పారే?"

"వాచేవా లేదా, అది చెప్పు."

"ముగ్గురికీ వాచేవి. నీకంటే ముందుదానికీ, నీ తరవాత ఇద్దరికీ. చిన్న అరటికాయల్లా అయ్యేవి. కళ్లు పచ్చగా ఉండేవి. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. మూడోదాన్ని పాతేముందు మీ అయ్య దాని చెవి తమ్మె కోయించాడు, మళ్లీ పుడితే గుర్తుపట్టాలని. నీకప్పుడు ఏడేళ్లు. తలుపు వెనకాల నిలబడి చూశావు, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. మర్చిపోయినట్టు ఉండడం నేర్చుకున్నాను.

"కొసోకో పుట్టగానే మొహం చూళ్లేదే నేను. చెవులు చూశాను" అంది. తరువాత, "ఇప్పుడెందుకు ఇవన్నీ?" అని అడిగింది. చెప్పాను. కార్డు సంగతీ, చెయ్యి సంగతీ అన్నీ చెప్పాను. ఆవిడ ఒకటే అడిగింది, "ఇబాదాన్ పిల్లకి వాచాయా?" అని. వాచాయన్నాను. నేనే షియా వెన్న రాశానని కూడా చెప్పాను. అమ్మ చేతులు బట్టకి తుడుచుకుని లేచి నిలబడింది. "అయితే అది నా పిల్లే. నువ్వు బయటికి తోలింది నా పిల్లనే" అంది. ఆ తరువాత నాతో మాట్లాడలేదు. వారం అయింది, నా చేతి ముద్ద తినడం లేదు. పక్కింటి నుంచి తెప్పించుకుంటోంది.

మర్నాడు కొసోకో కానో నుంచి దిగగానే ఉల్లిపాయలు దించనివ్వకుండా ఆసుపత్రికి లాక్కెళ్లాను. సూది చూడలేక కళ్లు మూసుకున్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఈసారి వాడి చెయ్యే. శుక్రవారం కాగితం ఇచ్చారు. ఏఎస్.

లారీ మెట్టు మీద కూలబడ్డాడు. "అక్కా, నేను దాన్ని ఒక్క మాట కూడా అడగలేదే. అడగకపోతే నేను తప్పు చేసినట్టు కాదనుకున్నా" అన్నాడు. నీ దగ్గరికి రావడానికి మొహం చెల్లడం లేదట. అది వాడు నీతో చెప్పుకోవాల్సిన మాట. వాడి పనులు చేసిపెట్టడం నేను మానేశాను.

నిన్న సెగిలోలా ఇంటికి వెళ్లాను. తల్లీ తండ్రీ పిల్లా ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా స్నేహితురాలు, "నీ చెయ్యి చాపి నా కూతురి గొంతు కోయబోయావు కదే" అంది. ముప్పై ఏళ్లు పక్కపక్కన కూర్చుని పిండి అమ్ముకున్నాం. ఇవాళ పొద్దున పీట తీసుకుని బజారు రెండో చివరకి వెళ్లిపోయింది. ఊరంతా తెలిసింది. పిండికి వచ్చినవాళ్లు పిండి కంటే ముందు నా మోచేయి చూస్తున్నారు. చూడనీ.

నువ్వు అడిగిన కాగితం దీంతో పెట్టాను. అదున్ని నా తమ్ముడు కొసోకో కూతురు, మా ఇంటి పిల్ల అని రాసి సంతకం పెట్టాను. కవరు అంటించాను, కొత్త జిగురుతో.

ఇది క్షమాపణ కాదు. నువ్వంటే నాకు ఇష్టం లేదు, పెళ్లికి ముందు కూడా లేదు. నీ నోట్లో నుంచి వచ్చే ప్రతి మాటా తప్పులు దిద్దే ఎర్ర సిరాలా ఉంటుంది. కానీ నువ్వు తప్పు చేయలేదు. ఆ రెండూ వేరు వేరని తెలుసుకోవడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

ఇంటికి వస్తే తలుపు తీసి ఉంటుంది. రాకపోతే నీ ఇష్టం. పిల్ల ఎలా ఉంది? ఈసారి అడుగుతున్నాను.

మాలోమో


ఇబాదాన్,
9 ఏప్రిల్ 1989

మాలోమో వదినకు,

మళ్లీ మీరు అంటున్నాను. గౌరవం పుట్టుకొచ్చి కాదు. నేను రాస్తుంటే అదున్ని పక్కన పడుకుని ప్రతి ముక్కా చదివించుకుంటోంది. పెద్దవాళ్లని నువ్వు అనడం దానికి నేర్పదలచుకోలేదు.

కాగితం అందింది. ఆసుపత్రి ఫైల్లో పెట్టించాను.

నేను ఇంటికి రాను. క్షమాపణ కాదన్నారు, మంచిది. అడిగినా ఇవ్వడానికి నా దగ్గర లేదు. కొసోకోకి మొహం చెల్లకపోతే మొహం అక్కడే వదిలేసి చేతులు పట్టుకుని రమ్మనండి. కాళ్లు పట్టడానికి అవి చాలు. అడుగుతున్నది పిల్ల, నేను కాదు.

పిల్ల ఎలా ఉందని అడిగారు. బాగాలేదు. మంగళవారం నుంచి ఆసుపత్రిలోనే ఉన్నాం. రక్తం బాగా పడిపోయింది, పెదవులు బూడిద రాసినట్టున్నాయి. ఎక్కించాలన్నారు. ఇక్కడ రక్తం ఇచ్చే మనిషిని ఇంటివాళ్లే తెచ్చుకోవాలి. ఎస్ లేని రక్తమైతే మంచిదన్నారు. నాది పనికిరాదు. మా పిన్నిదీ పనికిరాదు, పరీక్ష చేయిస్తే ఆవిడా నాలాగే అని తేలింది. మీ తమ్ముడిదీ పనికిరాదని మీ ఉత్తరం చెప్పింది.

నిన్న డాక్టరమ్మ నా కాగితాలు తిరగేస్తూ పాత కార్డు బయటికి తీసింది. "ఏఏ, గ్రూపు ఓ. పిల్లదీ ఓనే. ఇంట్లోనే మనిషిని పెట్టుకుని బయట వెతుకుతావేంటమ్మా? ఎవరీ కొసోకో, వెంటనే పిలిపించు" అంది.

"దాని మీద పేరు ఒకరిది, రక్తం ఇంకొకరిదండి" అన్నాను.

ఆవిడ కార్డు నా చేతిలో పెట్టి, "నాకు కావలసింది రక్తం" అంది.

గురువారం పొద్దున మొదటి బస్సు ఎక్కండి. పరగడుపున రావద్దు, కడుపునిండా తిని రండి. ల్యాబు ముసలాయనకి చెప్పి ఉంచాను, ఆయన చెయ్యి మంచిది, ఒక్కసారే పొడుస్తాడు. అంతకంటే ముందు బల్ల దగ్గర ఎవరని అడుగుతారు. ఈసారి మీ పేరు చెప్పండి.

ఇబిదున్